తీర్పు వచ్చాక జ్యూరర్ నోరు విప్పితే

నమస్కారమండీ. ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లే. గ్రీన్ కార్డు మీద ఉన్నంతకాలం, కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందమైన జ్యూరీలో కూర్చునే అర్హత ఉండదు. పౌరులుగా ప్రమాణం చేశాక, పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు ఎప్పుడైనా కోర్టు నుంచి సమన్లు రావచ్చు. మిగిలినవాళ్లలో కొందరు ఇక్కడి కోర్టు వార్తలను తెలుగు చానళ్లకూ వెబ్‌సైట్లకూ రాస్తున్నారు. మీ అందరికీ పనికొస్తుందని ఈ విషయం ఎంచుకున్నాను: పేరుమోసిన కేసులో తీర్పు వచ్చాక జ్యూరర్, అంటే జ్యూరీ సభ్యుడు, మీడియాతో మాట్లాడితే చట్టపరంగా ఏం జరుగుతుంది, ఏం జరగదు?

మనవాళ్లలో ఒక అపోహ ఉంది. జ్యూరర్ టీవీకి వచ్చి "మేం పొరపాటు చేశామేమో" అంటే కేసు తిరగబడుతుందని అనుకుంటారు. తిరగబడదు. అదే జ్యూరర్ తన గురించి తాను మామూలుగా చెప్పుకున్న ఒక్క మాట మాత్రం కొన్ని నెలలపాటు కేసును మళ్లీ కోర్టు మెట్లెక్కించగలదు. జ్యూరీ గది లోపల ఎవరు ఏమన్నారన్నది కోర్టు దాదాపుగా వినదు. ఆ గదిలోకి బయటి నుంచి ఏం వచ్చింది, ఆ జ్యూరర్ అసలు లోపలికి ఎలా వచ్చారు అన్నదే వింటుంది. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది.

ముందు తీర్పు రోజు సంగతి. జ్యూరీ ఒక నిర్ణయానికి వచ్చాక జ్యూరీ పెద్ద (ఫోర్‌మన్) తీర్పు పత్రం మీద సంతకం పెడతారు. కోర్టులో అది చదువుతారు. ఆ తర్వాత ఏ పక్షం అడిగినా, లేదా జడ్జి తనంతట తానే అయినా, ఒక్కో జ్యూరర్‌నూ "ఇది మీ తీర్పేనా?" అని విడివిడిగా అడిగించవచ్చు. టీవీలో చూసినప్పుడు ఇదేదో తంతులా కనిపిస్తుంది గానీ అసలు కీలకం ఇక్కడే ఉంది. ఫెడరల్ క్రిమినల్ విచారణ నియమాల్లో 31వది ప్రకారం, అప్పుడు ఒక్కరు "కాదు" అన్నా జడ్జి జ్యూరీని మళ్లీ చర్చకు పంపవచ్చు, లేదంటే విచారణ చెల్లదని ప్రకటించి జ్యూరీని పంపేయవచ్చు. మనసులో ఏ కాస్త సందేహం ఉన్నా చెప్పాల్సిన చోటు అదే. తీర్పు నమోదై, జడ్జి "మీ బాధ్యత ముగిసింది" అని పంపేశాక మనసు మార్చుకున్నానంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఎందుకంత కఠినం? దీని మూలం 1785 నాటి ఇంగ్లండులో ఉంది. వైజ్ వర్సెస్ డెలవాల్ కేసులో జ్యూరర్లు ఎటూ తేల్చుకోలేక బొమ్మా బొరుసూ వేసి తీర్పు తేల్చారని స్వయంగా జ్యూరర్లే అఫిడవిట్లు ఇచ్చారు. జడ్జి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ వాటిని తీసుకోనన్నారు. జ్యూరర్ల నోటి నుంచి కాదు, కిటికీలోంచి చూసిన మనిషి లాంటి మరో సాక్షి ఎవరైనా చెబితే వింటానన్నారు. అదే సూత్రం అమెరికా ఫెడరల్ సాక్ష్య నియమాల్లో 606(బి)గా స్థిరపడింది. మంతనాల్లో ఎవరేమన్నారు, ఏ మాట ఎవరి ఓటును మార్చింది, ఎవరి మనసులో ఏముంది అన్న వాటి మీద తీర్పును సవాలు చేయడానికి జ్యూరర్ సాక్ష్యం చెల్లదు.

దీనికి మూడు మినహాయింపులు ఆ నియమంలోనే ఉన్నాయి: సాక్ష్యంలో లేని సమాచారం బయటి నుంచి జ్యూరీకి చేరడం, బయటివాళ్లెవరైనా ఒత్తిడి తేవడం, తీర్పు పత్రం నింపడంలో పొరపాటు దొర్లడం. మొదటిదానికి పాత ఉదాహరణ 1892 నాటి మాటాక్స్ కేసు. కాపలా ఉన్న కోర్టు ఉద్యోగి (బేలిఫ్) జ్యూరర్ల దగ్గర, నిందితుడు ఇంతకుముందు కూడా చంపాడన్న అర్థంలో మాట్లాడాడు. కేసు గురించిన వార్త ఉన్న పత్రికను కూడా జ్యూరీ గదిలో చదివి వినిపించారు. సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి మళ్లీ విచారించమంది.

దానికి పూర్తిగా అవతలి వైపున 1987 నాటి టానర్ కేసు ఉంది. విచారణ జరుగుతుండగా భోజన విరామాల్లో కొందరు జ్యూరర్లు మద్యం తాగారనీ, మత్తుమందులు వాడారనీ, మధ్యాహ్నం పూట కోర్టులో నిద్రపోయారనీ జ్యూరర్లే చెప్పారు. అయినా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో వినలేదు. మత్తు లోపలి విషయమేనంది. వినడానికి అన్యాయంగా ఉంటుంది, నాకూ అది మింగుడుపడని తీర్పే. కానీ కోర్టు చెప్పిన కారణంలో పస లేకపోలేదు. తీర్పు వచ్చిన ప్రతిసారీ ఓడినవాళ్లు జ్యూరర్ల ఇళ్ల చుట్టూ తిరిగి "మీ ఓటు ఎందుకు మారింది?" అని కూపీ లాగడం మొదలైతే, ఏ తీర్పూ ఎప్పటికీ ఖాయం కాదు, జ్యూరీ గదిలో ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

ఆ గోడకు 2017లో ఒక కిటికీ తెరిచారు. పేన్యా రోడ్రిగెజ్ వర్సెస్ కొలరాడో. తీర్పు చెప్పి జ్యూరీ వెళ్లిపోయాక ఇద్దరు జ్యూరర్లు ఆగి, నిందితుడి లాయరుతో మాట్లాడారు. మాజీ పోలీసు అయిన ఒక జ్యూరర్, ఇతను మెక్సికన్ కాబట్టి ఈ పని చేసే ఉంటాడని చర్చలో వాదించాడని చెప్పారు. లాయరు కోర్టు పర్యవేక్షణలోనే అఫిడవిట్లు తీసుకున్నారు. సుప్రీంకోర్టు 5-3తో, ఒక జ్యూరర్ జాతి ద్వేషంతోనే నేరం నిర్ధారించానని స్పష్టంగా చెప్పినట్టు బయటపడితే కోర్టు ఆ సాక్ష్యం వినవచ్చని తేల్చింది. చెదురుమదురుగా అన్న ఏదో ఒక మాట సరిపోదు, ఓటుకు ఆ ద్వేషం ఒక ముఖ్య కారణమని తేలాలి. ఆ జ్యూరర్లు ముందు వెళ్లింది కెమెరా దగ్గరికి కాదన్నది గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుందో ఒక కేసులో దగ్గరగా చూద్దాం. గిలేన్ మాక్స్‌వెల్ విచారణ, న్యూయార్క్ ఫెడరల్ కోర్టు. ధనికుడు జెఫ్రీ ఎప్‌స్టీన్‌కు లైంగిక దోపిడీ కోసం మైనర్ బాలికలను చేరవేసిందన్న ఆరోపణల మీద 2021 డిసెంబరు 29న జ్యూరీ ఆమెను ఆరు అభియోగాల్లో ఐదింటిలో దోషి అంది. కొన్ని రోజుల్లోనే, 2022 జనవరి మొదటి వారంలో, కోర్టు రికార్డుల్లో 50వ నంబరుగా ఉన్న జ్యూరర్ కొన్ని పత్రికలకు ఇంటర్వ్యూలు ఇచ్చారు. చిన్నప్పుడు తన మీద లైంగిక దాడి జరిగిందనీ, ఆ అనుభవం చర్చల్లో తోటివాళ్లతో పంచుకున్నాననీ, బాధితుల జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో వాళ్లకు అర్థం కావడానికి అది ఉపయోగపడిందనీ చెప్పారు. ఆయన దృష్టిలో అది మంచి మాటే. బాధితుల పక్షాన ధైర్యంగా చెప్పిన మాట.

అయితే జ్యూరీ ఎంపికప్పుడు ఒక ప్రశ్నావళి నింపించారు. అందులో 48వ ప్రశ్న: మీరు గానీ, మీ స్నేహితులు, కుటుంబ సభ్యులు గానీ ఎప్పుడైనా లైంగిక వేధింపులకు, లైంగిక దాడికి గురయ్యారా? ఆయన "లేదు" దగ్గర టిక్ పెట్టారు. ఇంటర్వ్యూలు చూసిన ప్రాసిక్యూటర్లు తామే జనవరి 5న జడ్జికి లేఖ రాసి దీని మీద ఆరా తీయమన్నారు. గెలిచిన పక్షమే ముందు కదిలింది చూడండి. తర్వాత ఎప్పుడో ఇది బయటపడి తీర్పు పోవడం కన్నా అప్పుడే తేల్చుకోవడం వాళ్లకు మేలు. డిఫెన్స్ కొత్త విచారణ కోరింది.

జడ్జి అలిసన్ నేథన్ మార్చి 8న ఆ జ్యూరర్‌ను బోనులో నిలబెట్టారు. తన మాటలే తన మీద నేరంగా మారతాయన్న భయంతో ఆయన మౌనహక్కు వాడుకోబోతే, చెప్పే మాటలను ఆయన మీద వాడరని రక్షణ ఇచ్చి మాట్లాడించారు. చర్చల్లో ఆయన ఏం చెప్పారన్నది అడగనివ్వలేదు. అదే 606(బి). అడిగింది ప్రశ్నావళి గురించి: ఎందుకు "లేదు" అన్నారు? చాలాసేపు వేచి ఉండి, పరధ్యానంగా, తొందరతొందరగా నింపేశాననీ, కావాలని దాచలేదనీ చెప్పారు.

ఇక్కడ వర్తించేది 1984 నాటి మెక్‌డొనో కేసు సూత్రం. కీలకమైన ప్రశ్నకు జ్యూరర్ నిజాయితీగా జవాబివ్వలేదని ముందు తేలాలి. నిజం చెప్పి ఉంటే, నిష్పక్షపాతంగా ఉండలేరన్న కారణంతో ఆ జ్యూరర్‌ను తప్పించేవాళ్లమని కూడా తేలాలి. రెండూ ఉంటేనే కొత్త విచారణ. ఏప్రిల్ 1న జడ్జి రెండూ లేవన్నారు: జవాబు తప్పే గానీ ఉద్దేశపూర్వకం కాదు, నిజం చెప్పినా ఆ ఒక్క కారణంతో తప్పించేదాన్ని కాదు. జూన్ 28న మాక్స్‌వెల్‌కు ఇరవయ్యేళ్ల శిక్ష పడింది. 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు కూడా జడ్జి నిర్ణయాన్ని నిలబెట్టింది. తీర్పు నిలిచింది గానీ, సాక్ష్యం చెప్పిన ఆ మహిళలు ఏళ్లపాటు మళ్లీ మొదటికి వస్తుందేమోనన్న భయంలో గడపాల్సి వచ్చింది. ప్రశ్నావళిని జాగ్రత్తగా చదివి ఉంటే ఇది వచ్చేది కాదు.

ఇందులో విలేకరులకు ఇంకో పాఠం ఉంది. అదే సమయంలో మరో జ్యూరర్ కూడా ఇలాంటి అనుభవం చెప్పారని, పేరు లేకుండా, న్యూయార్క్ టైమ్స్ రాసింది. దాని మీద విచారణ జరపడానికి జడ్జి ఒప్పుకోలేదు. ఎవరన్నారో, ఏమన్నారో తెలియని వార్త కోర్టులో నిలవదు.

మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య కేసూ ఇదే దారిలో నడిచింది. పోలీసు అధికారి డెరెక్ షోవిన్‌ను 2021 ఏప్రిల్ 20న, పది గంటలకు అటూ ఇటూగా చర్చించి, జ్యూరీ దోషి అంది. జ్యూరర్ల పేర్లు కోర్టు గోప్యంగా ఉంచింది. 52వ నంబరు జ్యూరర్ తనంతట తానే బయటికొచ్చి ఇంటర్వ్యూలిచ్చారు. ఆ తర్వాత, విచారణకు ముందే 2020 ఆగస్టులో వాషింగ్టన్‌లో జరిగిన మార్చ్‌లో, ఫ్లాయిడ్ మరణాన్ని గుర్తుచేసే నినాదమున్న టీషర్టుతో ఆయన దిగిన ఫొటో బయటపడింది. ప్రశ్నావళిలో పోలీసుల దౌర్జన్యం మీద జరిగిన నిరసనల్లో పాల్గొన్నారా అన్న ప్రశ్నకు లేదన్నారు. అది మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన 1963 నాటి మార్చ్‌కు వార్షికోత్సవమే గానీ ఫ్లాయిడ్ నిరసన కాదన్నది ఆయన వివరణ. డిఫెన్స్ ఆ ఫొటోను కొత్త విచారణ పిటిషన్‌లో వాడుకుంది. జడ్జి పీటర్ కాహిల్ జూన్ 24న కొట్టేశారు, మర్నాడే శిక్ష ప్రకటించారు. ఆ ఇంటర్వ్యూల్లో చెప్పిన మాటలకన్నా, ఇంటర్వ్యూల వల్ల జనం ఆయన పాత ఫొటోలు వెతకడమే సమస్య తెచ్చింది. ముఖం బయటపెట్టాక మీ ఫేస్‌బుక్ అంతా సాక్ష్యాల సంచీ అవుతుందని తెలుసుకుని మరీ నిర్ణయించుకోండి.

జ్యూరర్లు మాట్లాడకుండా జడ్జి పూర్తిగా నిషేధించవచ్చా? అమెరికాలో కుదరదు, భావప్రకటన హక్కు అడ్డొస్తుంది. కోర్టు అనుమతి లేకుండా జ్యూరర్లను ఎవరూ ఇంటర్వ్యూ చేయకూడదన్న స్థానిక నియమం విలేకరులకు చెల్లదని 1982లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది హారెల్సన్ కేసులో అదే కోర్టు పరిమితమైన ఆంక్షలను ఒప్పుకుంది: వద్దన్న జ్యూరర్‌ను పదే పదే అడగకూడదు, మాట్లాడే జ్యూరర్‌ను తోటి జ్యూరర్ల ఓట్ల గురించి అడగకూడదు. పేర్లు కొన్నాళ్లు దాచి వేడి చల్లారనివ్వడం ఇంకో పద్ధతి. ఫ్లోరిడాలో కేసీ ఆంథొనీ 2011 జులై 5న, కన్నకూతురిని చంపిందన్న అభియోగంలో నిర్దోషిగా బయటపడినప్పుడు జనాగ్రహం చూసి, జడ్జి బెల్విన్ పెర్రీ జ్యూరర్ల పేర్లను అక్టోబరు 25 దాకా విడుదల చేయలేదు. అప్పటికి ఆ జ్యూరర్లకు బెదిరింపులు కూడా వచ్చాయి. ఇది సరైన పని అనే నా అభిప్రాయం.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ప్రత్యేకంగా వినండి. అక్కడ క్రిమినల్ కేసులో తీర్పు నమోదయ్యాక జ్యూరర్ల చిరునామాలు, ఫోన్ నంబర్లు కోర్టు సీల్ చేస్తుంది. మాట్లాడడం, మాట్లాడకపోవడం పూర్తిగా మీ హక్కని జడ్జి చెప్పి తీరాలి. తీర్పు వచ్చి 24 గంటలు దాటాక లాయరు గానీ, ఆయన పంపిన మనిషి గానీ వస్తే, ఏ కేసు, తాను ఎవరి తరఫు, దేని గురించి అడగబోతున్నాడు అన్నవి ముందే చెప్పాలి, మీకు వద్దనే హక్కుందనీ చెప్పాలి. ఇక డబ్బు విషయం: విడుదలైన రోజు నుంచి 90 రోజుల దాకా కేసు సమాచారానికి బదులుగా డబ్బు గానీ మరో లాభం గానీ అడగకూడదు, తీసుకోకూడదు, ఒప్పందం కూడా చేసుకోకూడదు. పుస్తకానికి అడ్వాన్సు కూడా అందులోకే వస్తుంది. మిగతా రాష్ట్రాల్లో నియమాలు వేరు. చాలా ఫెడరల్ కోర్టుల స్థానిక నియమాల్లో జడ్జి అనుమతి లేకుండా లాయర్లు జ్యూరర్లను కలవకూడదు.

ఫ్లోరిడాలోనే, ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి కుర్రాడిని కాల్చి చంపిన జార్జ్ జిమ్మర్‌మన్ కేసు. 2013 జులై 13న ఆరుగురు మహిళల జ్యూరీ నిర్దోషి అంది. రెండు రోజులకే బి37 అనే నంబరున్న జ్యూరర్ సీఎన్‌ఎన్‌కు ముఖం కనపడకుండా ఇంటర్వ్యూ ఇచ్చారు. ఆమె పుస్తకం రాయబోతున్నారని ఏజెంటు ప్రకటించడం, జనం మండిపడడంతో వెనక్కి తగ్గడం వెంటవెంటనే జరిగాయి. మర్నాడు మరో నలుగురు జ్యూరర్లు ఒక ప్రకటనలో ఆమె మాటలు తమ అభిప్రాయాలు కావన్నారు. ఆ నెలలోనే బి29 ఏబీసీకి చెప్పింది ఇంకో రకం: హత్య చేసి తప్పించుకున్నాడనే తన నమ్మకమనీ, కానీ జ్యూరీకి ఇచ్చిన చట్టం ప్రకారం నిరూపణ చాలలేదనీ. ఒకే గది, ఒకే తీర్పు, ఒక్కొక్కరికీ ఒక్కో కారణం. అందుకే "జ్యూరీ ఇలా అనుకుంది" అని శీర్షిక పెట్టొద్దని విలేకరులను ప్రాధేయపడుతున్నాను. "ఒక జ్యూరర్ ఇలా చెప్పారు" అని రాయండి, చాలు.

ఇంకొక పొరపాటు తరచూ జరుగుతోంది. ప్రత్యామ్నాయ జ్యూరర్ అంటే విచారణంతా విని, చర్చలు మొదలవుతుండగా పంపేసిన మనిషి. షోవిన్ కేసులో మొదట మాట్లాడింది అలాంటి ఆమే. తానైతే దోషి అనేదాన్నని చెప్పారు. ఆమె సాక్ష్యాన్ని చూసిన తీరు తెలుసుకోవడానికి అది విలువైన మాట. చర్చల గదిలో ఏం జరిగిందో చెప్పడానికి మాత్రం ఆమె అక్కడ లేరు. మనిషి గదిలో ఉన్నారా లేదా అన్నది మొదటి వాక్యంలోనే రాయాలి. ఏ సాక్షి నమ్మదగ్గవారనిపించారు, ఏ వస్తువును మళ్లీ చూపించమని అడిగారు, జడ్జి సూచనల్లో ఏ పదం దగ్గర ఆగారు, మొదటి ఓటింగులో తాను ఎటువైపు ఉన్నారు: ఇవి అడగాల్సిన ప్రశ్నలు. పక్కవాళ్ల ఓటు అడగడం మానండి. గదిలో ఎవరైనా ఫోన్‌లో కేసు గురించి వెతికారని జ్యూరర్ యథాలాపంగా అంటే అది మామూలు మాట కాదు, బయటి సమాచారం చేరడం కిందికి వస్తుంది. రికార్డింగు భద్రంగా ఉంచి, సరిగ్గా ఆ మాటలతోనే రాయండి. ఫెడరల్ కోర్టులో, కొత్త సాక్ష్యం దొరికిందన్న కారణం తప్ప మిగతా కారణాల మీద కొత్త విచారణ అడగడానికి తీర్పు నుంచి 14 రోజులే గడువు, కాబట్టి వార్త ఏ రోజు వచ్చిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

జ్యూరీలో కూర్చోబోయేవాళ్లకు చెప్పేది మరీ సూటిగా చెబుతాను. ప్రశ్నావళిలో ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదవండి. "మీరు గానీ, మీ కుటుంబ సభ్యులు గానీ" అని ఉంటే హైదరాబాదులో ఉన్న అన్నయ్యనూ, విజయవాడలో ఉన్న పిన్నినీ కూడా గుర్తుచేసుకోండి. నలుగురి ముందు చెప్పుకోలేని విషయమైతే జడ్జితో విడిగా మాట్లాడతానని అడగవచ్చు. విచారణ మధ్యలో ఎవరైనా డబ్బు ఆశ చూపినా, బెదిరించినా, తోటి జ్యూరర్ కులం, మతం, జాతి ఎత్తి మాట్లాడినా, అప్పటికప్పుడు చీటీ రాసి బేలిఫ్ చేత జడ్జికి పంపండి. అప్పుడైతే ఆ జ్యూరర్‌ను మార్చి విచారణ సాగించే వీలుంటుంది. తీర్పు అయ్యాక టీవీలో చెబితే మీ మాట నిజమైనా కోర్టు వినలేకపోవచ్చు.

మాట్లాడాలని నిర్ణయించుకుంటే మీ ఓటు, మీ కారణం వరకే చెప్పండి. ఎవరైనా అఫిడవిట్ తెచ్చి సంతకం పెట్టమంటే, వాళ్లు ఎవరి తరఫునో రాయించుకుని, మీ లాయరుకు చూపించాకే పెట్టండి. వద్దన్నా ఇంటికి వస్తుంటే కోర్టులో జ్యూరీ ఆఫీసుకు ఫోన్ చేయండి.

చివరగా మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల మాట. ఒకే గ్రూపులో డాలస్ వాళ్లూ, లండన్ వాళ్లూ, టొరంటో వాళ్లూ ఉంటారు. ఇందాకటి నుంచి చెప్పిందంతా అమెరికాకే. ఇండియాలో క్రిమినల్ కేసులకు జ్యూరీ లేదు. ఒకప్పుడు ఉండేది; భార్య ప్రియుడిని కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో జ్యూరీ 8-1తో నిర్దోషి అంటే హైకోర్టు దాన్ని తిప్పికొట్టిన సంగతి పెద్దవాళ్లకు తెలిసిందే. ఇంగ్లండులో మాత్రం జ్యూరీ ఉంది, చట్టం ఇక్కడికి పూర్తి విరుద్ధం. 1979లో రాజకీయ నాయకుడు జెరెమీ థోర్ప్ విచారణ తర్వాత ఒక జ్యూరర్ మాటలను న్యూ స్టేట్స్‌మన్ పత్రిక అచ్చేసింది, దాని మీద కోర్టు ధిక్కార కేసు నిలవలేదు. వెంటనే 1981లో చట్టం తెచ్చారు. ఇప్పుడు ఇంగ్లండు, వేల్స్‌లో 2015 చట్టం వల్ల చర్చల్లో అన్న మాటలు, వేసిన ఓట్లు బయటపెట్టడం నేరం, రెండేళ్ల దాకా జైలు. అడిగి తెలుసుకున్నవాళ్లకూ అదే శిక్ష. అంతకుముందే, 1981 చట్టం కింద 2009లో ఒక జ్యూరీ ఫోర్‌మన్‌కూ, ఆయన మాటలు అచ్చేసిన టైమ్స్ పత్రికకూ జరిమానాలు పడ్డాయి. అక్కడ జ్యూరీలో ఏదైనా తప్పు జరిగితే కోర్టుకు గానీ, చట్టంలో పేర్కొన్న అధికారులకు గానీ చెప్పాలి. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు.

కెనడాలోనూ జ్యూరీ చర్చలు బయటపెట్టడం క్రిమినల్ కోడ్ 649వ సెక్షన్ కింద నేరమే. ఘోరమైన హత్యల ఫొటోలు వారాల తరబడి చూసి నిద్రపట్టని జ్యూరర్లు మానసిక వైద్యుడికి కూడా ఆ సంగతి చెప్పుకోలేకపోయేవారు. జ్యూరర్లే ఏళ్లపాటు పోరాడాక 2022లో ఆ సెక్షన్ సవరించారు. ఇప్పుడు వైద్య సహాయం కోసం ఆరోగ్య నిపుణులతో మాట్లాడవచ్చు. టొరంటోలో మీ బంధువులెవరైనా జ్యూరీలో కూర్చుని వచ్చి ముభావంగా ఉంటే, లోపల ఏం జరిగిందని అడక్కండి, డాక్టరు దగ్గరికి వెళ్లవచ్చని మాత్రం చెప్పండి.